పదిహేనేళ్ళకే 64 మీటర్లా? అమ్మాయిల జావెలిన్ మీద అపోహలు - వాస్తవాలు

ఈ మధ్య నేను పిల్లలకి జావెలిన్ నేర్పే గ్రౌండ్‌కి వచ్చే తల్లిదండ్రులు చాలామంది ఫోన్ తీసి ఒకే వీడియో చూపిస్తున్నారు. చైనా అమ్మాయి యాన్ జియిది. 2024లో, పదిహేనేళ్ళ వయసులో, సీనియర్ మహిళలు వాడే 600 గ్రాముల జావెలిన్‌ని 64 మీటర్లు దాటించింది. వీడియో నిజం, దూరం నిజం. ఆ వెంటనే వచ్చే ప్రశ్న దగ్గరే నాకు ఓపిక పోతుంది. "మేడమ్, మా పాపకి పద్నాలుగు నిండాయి. ఇంకా ముప్ఫై మీటర్ల దగ్గరే ఉంది. మాన్పించి చదువు మీద పెట్టమంటారా?"

అడిగేవాళ్ళ మీద నాకు కోపం లేదు. స్పోర్ట్స్ కోటా, హాస్టల్ సీటు, స్పైక్స్ (ముళ్ళ బూట్లు) ఖర్చు, పొద్దున్నే బండి మీద దింపి వెళ్ళడానికి పెట్రోలు, అన్నీ లెక్క వేసుకునే ఇళ్ళు అవి. టెన్షన్ ఉంటుంది. నా కోపమల్లా గ్రౌండ్ గట్టు మీద కూర్చుని ఆ టెన్షన్‌ని పెంచేవాళ్ళ మీద. ఎప్పుడూ జావెలిన్ పట్టుకోనివాళ్ళు కూడా "చైనాలో ఇలా చేస్తారట" అని మొదలుపెడతారు. చైనా పేరు చెప్తే ఎవరూ వెళ్ళి చూసి రారు కదా. అందుకే నేను కూడా చైనా అమ్మాయి కెరీర్‌నే తీసుకుంటాను. యాన్ జియిది కాదు. టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన లియూ షియింగ్‌ది.

అపోహ: పదహారేళ్ళకి తేలకపోతే ఇక తేలదు. చైనాలో ఆ వయసుకే మెడలిస్టుని తయారుచేసేస్తారు.

మిగతా అపోహలన్నీ కలిపినా పిల్లలకి ఇంత నష్టం చెయ్యవు. కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను.

లియూ షియింగ్ షాన్‌డాంగ్ ప్రావిన్స్ అమ్మాయి. 1993 సెప్టెంబరులో పుట్టింది. 2012లో బార్సిలోనాలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో 59.20 మీటర్లతో వెండి పతకం గెలిచింది. అప్పటికి పద్దెనిమిదేళ్ళు. బంగారం స్వీడన్ అమ్మాయి సోఫీ ఫ్లింక్‌కి వెళ్ళింది, 61.96తో. ఆ రోజు స్టేడియంలో ఉన్న ఎవరిని అడిగినా ముందు ముందు ఫ్లింక్‌దే రాజ్యం అని ఉండేవాళ్ళు. తర్వాత సీనియర్ ప్రపంచ పోటీల్లో గానీ ఒలింపిక్స్‌లో గానీ పతకాల వరసలో ఫ్లింక్ పేరు లేదు. లియూ పేరు కూడా వెంటనే రాలేదు. 2015లో వూహాన్‌లో ఆసియా చాంపియన్‌షిప్ గెలిచింది, అంతవరకు బాగానే ఉంది. 2017లో లండన్ ప్రపంచ పోటీల్లో చైనాకి జావెలిన్‌లో రెండు పతకాలొచ్చాయి. వెండి లి లింగ్వెయ్‌ది, కంచు ల్యూ హుయ్‌హుయ్‌ది. లియూ షియింగ్‌ది ఏదీ కాదు.

అప్పటికి ఆ జూనియర్ వెండి వచ్చి ఐదేళ్ళు. అదే మన దగ్గరైతే ఆ ఐదేళ్ళలో ఏం జరిగి ఉండేదో మీకు చెప్పక్కర్లేదు. డిగ్రీ అయిపోయేది, పీఈటీ ఉద్యోగం కోసం బీపీఈడీలో చేర్చేవాళ్ళు, పెళ్ళి సంబంధాలు మొదలయ్యేవి. "ఏదో జూనియర్స్‌లో ఒక మెడల్ వచ్చింది లెండి" అని ఆల్బమ్ చూపించేవాళ్ళు.

2018లో జకార్తా ఆసియా క్రీడల్లో లియూ 66.09 విసిరి బంగారం గెలిచింది. 2019లో దోహా ప్రపంచ పోటీల్లో 65.88తో వెండి. 2020 సెప్టెంబరులో షావోషింగ్‌లో 67.29, అది ఆమె కెరీర్‌లోనే అత్యుత్తమం. 2021 ఆగస్టు 6న టోక్యోలో 66.34తో ఒలింపిక్ బంగారం. ఆసియా నుంచి మహిళల జావెలిన్‌లో ఒలింపిక్ బంగారం గెలిచిన మొదటి అమ్మాయి ఆమే. మర్నాడే, అంటే 7న, అదే స్టేడియంలో నీరజ్ చోప్రా 87.58 విసిరాడు. మన దేశంలో ఆ రెండు రోజుల్లో ఇంకెవరి పేరూ వినపడలేదు కాబట్టి లియూ గురించి మనవాళ్ళకి తెలీదు. ఆ విషయంలో ఎవరినీ తప్పుపట్టను, నేనూ ఆ రోజు స్వీట్లు పంచినదాన్నే.

ఇప్పుడు లెక్క చూడండి. 59.20 నుంచి 66.34కి ఏడు మీటర్ల పద్నాలుగు సెంటీమీటర్లు. పట్టిన కాలం తొమ్మిదేళ్ళు. ఏడాదికి సగటున ఒక మీటరు కూడా లేదు. అంత పెద్ద వ్యవస్థలో, అంతమంది కోచ్‌ల మధ్య, నెల నెలా జీతం తీసుకుంటూ ఆడిన ప్రొఫెషనల్ పరిస్థితి అది. మీ పాప స్కూలయ్యాక వచ్చి, వారానికి నాలుగు రోజులు ప్రాక్టీస్ చేసి, పరీక్షలప్పుడు నెల మానేసి, మళ్ళీ వచ్చి ఏడాదికి పది మీటర్లు పెరగాలంటే ఎలా?

లియూ ఒక్కతే ఆలస్యంగా పండిందా అంటే అదీ కాదు. ల్యూ హుయ్‌హుయ్ 67.98తో ఆసియా రికార్డు పెట్టింది 2019లో, ముప్ఫై ఏళ్ళ వయసులో. చెక్ దేశపు బార్బొరా స్పొటకోవా ప్రపంచ రికార్డు 72.28 పెట్టింది 2008లో, ఇరవై ఏడేళ్ళకి. ఆమే 2017లో లండన్‌లో మళ్ళీ ప్రపంచ చాంపియన్ అయింది, అప్పుడు ముప్ఫై ఆరు. జపాన్ అమ్మాయి హరుకా కితగుచి హైస్కూల్లో చేరాక గానీ జావెలిన్ ముట్టుకోలేదు, అంతకుముందు ఈత, బ్యాడ్మింటన్. పారిస్ ఒలింపిక్స్ బంగారం ఆమెదే. మన అన్ను రాణి సంగతి చూడండి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో కంచు. 2018 జకార్తాలో పతకం లేదు. 2023 హాంగ్‌ఝౌలో, ముప్ఫై ఒకటో ఏట, 62.92తో బంగారం. అదీ చైనా గడ్డ మీద, ల్యూ హుయ్‌హుయ్‌ని మూడో స్థానానికి నెట్టి.

మరి యాన్ జియి? నీరజ్‌కి కూడా టోక్యోలో ఇరవై మూడే కదా? అవును. అలాంటివాళ్ళు ఉంటారు. పదో తరగతిలో ఐఐటీ లెక్కలు చేసే పిల్లాడు కూడా మీ వీధిలో ఒకడు ఉంటాడు. వాడిని చూసి మిగతా పిల్లల్ని బడి మాన్పించం కదా.

ఇంకో విషయం, కాస్త చేదుగా ఉంటుంది. మన జూనియర్ మీట్లలో వయసు తక్కువ వేసి ఆడించే రోగం ఉందని ఈ రంగంలో అందరికీ తెలుసు. అండర్-16లో మీ పాప పక్కన నిలబడి నలభై ఐదు విసిరిన అమ్మాయికి నిజంగా ఎన్నేళ్ళో ఆ అమ్మాయి ఇంట్లోవాళ్ళకే తెలియాలి. వయసు తేల్చే ఎముకల పరీక్షలు వచ్చాక కొంత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. జిల్లా మీట్‌లో ఐదో స్థానం వచ్చిందని ఏడ్చే పిల్లకి నేను ఈ మాట చెప్పలేను. తల్లిదండ్రులకి మాత్రం చెప్తాను.

ఈ తొందర వల్ల జరిగే అసలు నష్టం ఏమిటంటే, పిల్ల మోచేయి. ఒకాయన ఉన్నారు, చాలా మంచి మనిషి, కూతురంటే ప్రాణం. ఎనిమిదో తరగతి చదివే అమ్మాయికి 600 గ్రాముల జావెలిన్ కొనిచ్చి, సాయంత్రం మా దగ్గర ప్రాక్టీస్ అయ్యాక ఇంటి వెనక ఖాళీ స్థలంలో మళ్ళీ విసిరించేవారు. "రేపు ఎలాగూ 600 పట్టాల్సిందే కదా మేడమ్, ఇప్పటినుంచే అలవాటైతే మంచిది కదా" అన్నది ఆయన ఆలోచన. వినడానికి సబబుగానే ఉంది. కొన్ని నెలలకి ఆ పిల్ల అన్నం ముద్ద నోటి దాకా ఎత్తితే మోచేయి లోపలి వైపు నొప్పి అనేది. అప్పటికీ ఇంట్లో ఆయింట్‌మెంట్ రాసి, నాటు కట్టు కట్టించి, నొప్పి మాత్ర వేసి మీట్‌కి తీసుకొచ్చారు. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాక తేలింది, పెరిగే వయసులో ఎముక చివర మెత్తగా ఉండే భాగం మీద లాగుడు ఎక్కువైందని. కొన్ని నెలలపాటు విసరడం పూర్తిగా ఆపేయాల్సి వచ్చింది. ఆ అమ్మాయి ఇప్పుడు బాగానే ఉంది, మళ్ళీ విసురుతోంది. కానీ ఆ నెలల్లో పాపం ఆ నాన్న మొహం చూడలేకపోయేదాన్ని.

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అండర్-18 అమ్మాయిలకి జావెలిన్ బరువు 500 గ్రాములు. 600 అండర్-20 నుంచి మొదలు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకైతే 400 గ్రాములవి, రబ్బరు ముక్కు ఉన్న చిన్నవి, బంతులు, ఇవి చాలు. ఆ బరువులు ఎవరో దయతలచి తగ్గించినవి కావు. పిల్ల కీలు ఎంత ఓర్చుకోగలదో చూసి పెట్టినవి. మోచేయి లోపలి వైపు గానీ భుజం ముందు భాగంలో గానీ నొప్పి వచ్చి, రెండు మూడు రోజుల విశ్రాంతికి తగ్గకపోతే విసరడం ఆపి డాక్టరుకి చూపించండి. నొప్పి మాత్ర వేసి మీట్ ఆడించడం అనే మాట నా దగ్గర ఎత్తకండి.

అపోహ: జావెలిన్ అంటే చెయ్యి. రోజుకి ఎన్ని ఎక్కువ విసిరితే చెయ్యి అంత గట్టిపడుతుంది.

నేను యూనివర్సిటీకి ఆడే రోజుల్లో మాకు నేర్పిన పెద్దమనిషి (ఎక్కడో, ఎవరో వద్దు) ఇదే సిద్ధాంతం మీద బతికాడు. వేడెక్కే దాకా విసురు, వేడెక్కాక ఇంకా విసురు. మా బ్యాచ్‌లో ముగ్గురం అమ్మాయిలం. మాలో ఒకామె ఇప్పటికీ కుడి చేత్తో జడ వేసుకోలేకపోతోంది.

లియూ షియింగ్ త్రో దొరికితే చూడండి. మొదటిసారి చెయ్యి చూస్తారు, అందరూ అదే చూస్తారు. రెండోసారి చెయ్యి వదిలేసి ఎడమ కాలు చూడండి. కుడిచేత్తో విసిరేవాళ్ళకి అసలు పని అక్కడ జరుగుతుంది. పరుగెత్తుకుంటూ వచ్చి, పక్కకి తిరిగి కాలి మీదుగా కాలు వేసే క్రాసోవర్ అడుగులు వేసి, చివర్లో ఎడమ కాలు ముందుకి చాచి నేలలో గుచ్చినట్టు పెడతారు. దాన్నే బ్లాక్ అంటాం. మోకాలు మడవకుండా ఆ కాలు నిలబడితే, కింద ఆగిపోయిన వేగమంతా నడుము మీదుగా, ఛాతీ మీదుగా, భుజానికి ఎక్కుతుంది. చెయ్యి అన్నిటికన్నా ఆఖరున వస్తుంది. మోకాలు కుంగిందంటే ఆ వేగం మట్టిలోకి పోయినట్టే, ఇక చెయ్యి ఎంత లాగినా దూరం రాదు. అప్పుడే పిల్లలు భుజంతో బలవంతంగా లాగుతారు, అక్కడే మోచేయి దెబ్బతింటుంది.

దూరాన్ని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది చేతిలోంచి వదిలేటప్పుడు జావెలిన్‌కి ఉన్న వేగం. కోణం, గాలి, ముక్కు ఎటు ఉంది అన్నవి దాని తర్వాతే. ఆ వేగం కాళ్ళలోంచి, నడుములోంచి రావాలి. అందుకే మా దగ్గర పిల్లలు జావెలిన్ పట్టుకునే సమయం కన్నా పట్టుకోని సమయం ఎక్కువ. హర్డిల్స్ మీద దూకడం, మెడిసిన్ బాల్‌ని (బరువైన పెద్ద బంతిని) తల మీదుగా గోడకి కొట్టడం, తాడు, అడ్డంగా పరుగు, నిలబడి విసిరే చిన్న త్రోలు. పూర్తి రనప్‌తో (విసిరే ముందు పరుగుతో), పూర్తి బలంతో విసిరేవి వారంలో రెండు రోజులే, అదీ లెక్కపెట్టి. ఇది చూసి గేటు దగ్గర ఒకావిడ "ఫీజు తీసుకుని గెంతులేయిస్తున్నారు" అంది. నిజమే. గెంతులేయిస్తాను.

అపోహ: చైనాలో పిల్లల్ని ఉయ్యాల్లోంచి తీసుకెళ్ళి ఫ్యాక్టరీలో పెట్టినట్టు పెడతారు. మనకి ఆ సిస్టమ్ లేదు కాబట్టి మనం ఆశపెట్టుకోకూడదు.

సగం నిజం. స్పోర్ట్స్ స్కూళ్ళు ఉన్నాయి, ప్రతి ప్రావిన్స్‌కి సొంత జట్టు ఉంటుంది, ఆ జట్టులో ఉన్నవాళ్ళకి జీతం, కోచ్, వసతి ఉంటాయి. నాలుగేళ్ళకోసారి జరిగే వాళ్ళ నేషనల్ గేమ్స్‌లో ప్రావిన్స్‌ల మధ్య పోటీ ఎంతుంటుందంటే, అక్కడి అధికారులకి ఆ పతకాలు ఒలింపిక్స్ అంత ముఖ్యం. ఇవేవీ మనకి ఆ స్థాయిలో లేవు, ఒప్పుకుంటాను.

కానీ లియూ లాంటివాళ్ళని రాటుదేల్చింది స్కూలు గోడలు కాదు, పక్కనే ఉన్న అమ్మాయిలు. ఒక్క దేశంలో, ఒకే కాలంలో, 65 మీటర్లు దాటినవాళ్ళు నలుగురు: ఝాంగ్ లీ, లి లింగ్వెయ్, ల్యూ హుయ్‌హుయ్, లియూ షియింగ్. ఒలింపిక్స్‌కి ఒక దేశం నుంచి ముగ్గురికే చోటు. 65 విసిరే అమ్మాయి ఇంట్లో కూర్చుని టీవీలో ఒలింపిక్స్ చూసే పరిస్థితి అది. ఝాంగ్ లీ 2014 ఆసియా క్రీడల్లో 65.47తో రికార్డు పెట్టి గెలిచింది. నాలుగేళ్ళ తర్వాత ఆ రికార్డు చెరిపేసింది సొంత దేశపు అమ్మాయి లియూనే. ప్రాక్టీస్‌లో రోజూ నీకన్నా రెండు మీటర్లు ఎక్కువ విసిరే మనిషి పక్కన ఉంటే, అంతకు మించిన కోచ్ లేదు.

ఇది మనం డబ్బు లేకుండా కూడా చెయ్యగలం. ఒక మండలంలో ఒక్క అమ్మాయే జావెలిన్ విసురుతుంటే ఆమె ఎవరితో పోల్చుకుంటుంది? అదే ఆరుగురు ఉంటే వాళ్ళలో వాళ్ళే పందెం వేసుకుంటారు. మీ పాపని చేర్చేటప్పుడు పక్కింటి పిల్లని కూడా తీసుకురండి. పోటీ వస్తుందని భయపడి దాచుకోకండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా "మా అమ్మాయికి స్పెషల్‌గా నేర్పండి" అనేవాళ్ళే ఎక్కువ.

అపోహ: టోక్యోలో లియూకి మొదటి త్రో లక్కీగా పడింది, అంతే.

66.34 మొదటి ప్రయత్నంలోనే వచ్చిన మాట నిజం. తర్వాత ఎవరూ దాన్ని దాటలేదు. పోలండ్ అమ్మాయి మరియా ఆంద్రెయ్‌చిక్ 64.61, ఆస్ట్రేలియా నుంచి కెల్సీ-లీ బార్బర్ 64.56. ఆంద్రెయ్‌చిక్ ఆ ఏడాది మే నెలలోనే 71.40 విసిరి వచ్చింది, కాబట్టి అందరూ ఆమే గెలుస్తుందనుకున్నారు. అందుకని "లక్కు".

లక్కు అనేవాళ్ళు దోహా చూడలేదు. 2019 ప్రపంచ పోటీల్లో ఆఖరి ప్రయత్నం దాకా బార్బర్ నాలుగో స్థానంలో ఉంది. ఆ ఒక్క త్రో 66.56. బంగారం బార్బర్‌కి వెళ్ళిపోయింది. లియూకి వెండి, ల్యూ హుయ్‌హుయ్‌కి 65.49తో కంచు. ఇది వాళ్ళకి కొత్త దెబ్బ కూడా కాదు. 2015లో సొంత దేశంలో, బీజింగ్‌లో, బర్డ్స్ నెస్ట్ స్టేడియంలో, ల్యూ హుయ్‌హుయ్ 66.13తో బంగారానికి దగ్గరగా ఉంటే జర్మనీ అమ్మాయి కతరినా మోలిటర్ ఆఖరి ప్రయత్నంలో 67.69 విసిరి తీసుకుపోయింది. ఆ పోటీల్లో ఫైనల్లో పన్నెండు మందికి మూడేసి త్రోలు, అందులో ముందున్న ఎనిమిది మందికి ఇంకో మూడు ఉండేవి. ఆ ఆరో త్రో పడే వరకు ఏదీ ఖాయం కాదు. అలాంటప్పుడు చెయ్యాల్సింది ఒకటే, మొదటి త్రోలోనే మిగతావాళ్ళని తరుముకొచ్చేలా చెయ్యడం. అవతలివాళ్ళు బలవంతంగా లాగడం మొదలుపెడతారు, బ్లాక్ చెదురుతుంది, ఫౌల్స్ పడతాయి. మొదటి త్రోకే పూర్తిగా సిద్ధపడి రావడం నేర్పాల్సిన విద్య. మన పిల్లలు మొదటిది "సేఫ్‌గా" వేసి, రెండోది చూద్దాం అని, మూడోది ఫౌల్ చేసి ఇంటికొస్తారు. జిల్లా మీట్లలో ప్రతిసారీ ఇదే.

లక్కు అన్నది ఉంటే అది రెండో వైపు కూడా పనిచేసింది. 2022లో ఓరెగన్ ప్రపంచ పోటీల్లో లియూ 63.25 విసిరి నాలుగో స్థానంలో ఆగిపోయింది. కంచు గెలిచిన కితగుచి దూరం 63.27. తేడా రెండు సెంటీమీటర్లు. కితగుచిది ఆఖరి ప్రయత్నమే. ఒలింపిక్ చాంపియన్‌కి ఏడాది తిరక్కుండా జరిగింది ఇది.

అపోహ: ఎత్తుగా, మగరాయుడిలా ఉండే అమ్మాయిలకే ఈ ఆట. ఆడితే ఒళ్ళు అలా అయిపోతుంది, సంబంధాలు రావు.

ఎత్తు ఉపయోగమే. లియూ 179 సెంటీమీటర్లు. కానీ ఆమె కన్నా ఎక్కువ దూరం విసిరిన ల్యూ హుయ్‌హుయ్ 171. ఎనిమిది సెంటీమీటర్ల తేడాకి విసిరే దూరంలో తలకిందుల ఫలితం. కాబట్టి ఆరో తరగతి పిల్లని గోడకి నిలబెట్టి గీత గీసి తీర్పు చెప్పకండి.

రెండో సగం గురించి. టోక్యోలోనే చైనా షాట్‌పుట్ క్రీడాకారిణి గాంగ్ లిజియావో ముప్ఫై రెండేళ్ళకి ఒలింపిక్ బంగారం గెలిచింది. అంతకుముందు మూడు ఒలింపిక్స్ ఆడినామె. గెలిచాక వాళ్ళ టీవీ విలేకరి ఆమెని మగరాయుడు అన్న అర్థం వచ్చేలా పరిచయం చేసి, ఇప్పుడైనా పెళ్ళి గురించి ఆలోచిస్తారా అని అడిగింది. చైనాలో జనం ఆ విలేకరిని ఇంటర్నెట్‌లో చెడామడా తిట్టారు. అంటే ఈ జబ్బు మన ఒక్కళ్ళదే కాదన్నమాట. నేను మాత్రం తల్లులకి ఒకటే చెప్తాను: మీ పిల్లకి భుజాలు వస్తాయి, నిజమే. బియ్యం బస్తా ఎత్తగలదు, రాత్రి బస్టాండ్ నుంచి ఒంటరిగా నడిచి రాగలదు. వచ్చే సంబంధాల్లో భుజాలు చూసి వెనక్కి పోయేవాడు పోతే మీకే మేలు.

అపోహ: చైనా అంటే డ్రగ్సే.

పరీక్షలో దొరికితే దొరికినట్టు, దొరక్కపోతే గట్టు మీద మాటలకి విలువ లేదు. పరీక్షలు ఆలస్యంగానైనా పట్టుకుంటాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మహిళల జావెలిన్ వెండి గెలిచిన రష్యా అమ్మాయి మరియా అబకుమోవా పతకాన్ని ఎనిమిదేళ్ళ తర్వాత, దాచిపెట్టిన శాంపిల్ మళ్ళీ పరీక్షించి వెనక్కి తీసుకున్నారు. చైనా సంగతి పక్కనపెట్టి ముందు మీ ఇంట్లో ఉన్న ప్రోటీన్ డబ్బా సంగతి చూడండి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన, లేబుల్ సరిగ్గా లేని పొడిలో ఏముందో మీకు తెలీదు. దొరికితే "నాకు తెలీదు" అన్న మాట చెల్లదు, శిక్ష పిల్లకే. పద్నాలుగేళ్ళ అమ్మాయికి గుడ్లు, పాలు, పప్పు, పల్లీలు, చేపలు సరిపోతాయి.

అపోహ: ఖరీదైన జావెలిన్ కొంటే దూరం పెరుగుతుంది.

70, 80 మీటర్ల రేటింగ్ ఉన్న జావెలిన్లు, అంటే అంత దూరం విసిరేవాళ్ళ కోసం చేసినవి, గట్టిగా, బిర్రుగా ఉంటాయి. అంత వేగంతో వదలగలిగేవాళ్ళ చేతిలోనే అవి ఎగురుతాయి. 30 మీటర్ల పిల్ల చేతిలో పెడితే సరైన లైన్‌లో పడకపోగా చేతికి అదురు తగులుతుంది, ముక్కు త్వరగా కిందకి వాలిపోతుంది. 40, 50 రేటింగ్‌ది, 500 గ్రాములది, తక్కువ ధరలో దొరుకుతుంది. మిగిలిన డబ్బుతో మంచి స్పైక్స్ కొనండి, మడమ దగ్గర కూడా ముళ్ళు ఉండే జావెలిన్ స్పైక్స్. మామూలు రన్నింగ్ స్పైక్స్‌లో మడమ కింద ముళ్ళు ఉండవు, బ్లాక్ పెట్టేటప్పుడు ఎడమ కాలు జారుతుంది. తడి గ్రౌండ్ అయితే మరీనూ. కొనేముందు పాత సైజు చెప్పకుండా పాపని షాపుకి తీసుకెళ్ళండి, ఈ వయసులో పాదం ఆరునెలలకే పెరిగిపోతుంది.